'రిపెల్' అంటే తరమడమేనా? అర్థం, వాడుక, పుట్టుక

బైరాగిపట్టెడ_అనువాదం
ఒక లేబుల్ తెలుగులో పెట్టాలి. 'మస్కిటో రిపెల్లెంట్ క్రీమ్' అని ఉంది. 'రిపెల్' కింద నిఘంటువుల్లో తరుము, పారదోలు, తిప్పికొట్టు, వికర్షించు అని నాలుగూ ఇచ్చారు. 'దోమలను తరిమే క్రీమ్' అనేస్తే సరిపోతుందా? దీంతోపాటే వేప మందు కరపత్రం ఒకటి, గొడుగు గుడ్డ కంపెనీది ఒకటి ఉన్నాయి. వాటిలోనూ ఇదే మాట. అన్నిటికీ 'పారదోలు' అని రాసేస్తే ఏమన్నా తేడా వస్తుందా?

పలమనేరు_ఇంగ్లీషు
తేడా వస్తుంది. 'తరిమే' వద్దు.

తరమాలంటే ఆ జీవి ముందే మన దగ్గరికి వచ్చి ఉండాలి. రిపెల్‌లో ఉన్నది రాకుండా చూడటం, వస్తున్నదాన్ని వచ్చిన దారినే వెనక్కి మళ్లించడం. గదిలో తిరుగుతున్న దోమను క్రీమ్ కిటికీలోంచి బయటికి పంపదు. చేతి మీద వాలబోయే దోమను వాలనివ్వదు, అంతే. రాయని మోచేతి వెనక మాత్రం కుట్టి పోతుంది. కొన్నవాళ్లు "తరమలేదే" అని గొడవకు వస్తే తప్పు లేబుల్‌దే.

చంద్రగిరి కోటను ఊహించుకోండి. శత్రువును గోడ దగ్గరే ఆపి వెనక్కి కొడితే 'రిపెల్'. రాజమహల్ దాకా వచ్చేసినవాణ్ని బయటికి గెంటితే 'ఎక్స్‌పెల్', లేదా 'డ్రైవ్ అవుట్'. గోడకు ఏ పక్కన జరిగింది అన్నదే ప్రశ్న.

తోతాపురి_తోట
అయితే మా తోటలో కోతుల్ని రాళ్లేసి తరిమేది రిపెల్ కాదా సామీ?

పలమనేరు_ఇంగ్లీషు
కాదు. చెట్టెక్కి కాయ కొరుకుతున్నదాన్ని తరిమితే 'డ్రైవ్ అవే', 'చేజ్ ఆఫ్', ఇంకా చిన్నగా, నోటితో అదిలిస్తే 'షూ'. కంచె దాటకుండా ఏదైనా చేసి ఉంటే అది రిపెల్.

లాటిన్_పిచ్చి
పుట్టుక చూస్తే సంగతి ఇంకా విడిపోతుంది. లాటిన్‌లో 'పెల్లెరె' అని ఒక క్రియ. దానికి నెట్టు, తోలు, కొట్టు అని మూడు అర్థాలూ ఉన్నాయి. ముందు ఒక ఉపసర్గ తగిలిస్తే ఏ దిక్కుకో చెబుతుంది. 'రె' అంటే వెనక్కి, 'ఎక్స్' బయటికి, 'డిస్' తలా ఒక దిక్కుకు, 'ప్రో' ముందుకు, 'ఇన్' లోపలికి లేదా మీదికి, 'కామ్' అన్నీ ఒకచోటికి. రిపెల్, ఎక్స్‌పెల్, డిస్పెల్, ప్రొపెల్, ఇంపెల్, కంపెల్ ఇట్లా వచ్చినవే. మందను ఒకచోటికి తోలడం నుంచి 'బలవంతం చేయడం' దాకా వచ్చింది కంపెల్. ఎక్స్‌పెల్ ఇంగ్లీషులోకి 14వ శతాబ్దం చివర్లో, రిపెల్ 15వ శతాబ్దంలో వచ్చాయి. రిపెల్లెంట్ అనే రూపం 17వ శతాబ్దపుది.

ఇక అసలు తమాషా. పెల్లెరెలోని 'కొట్టు' అర్థాన్ని పట్టుకుని తెలుగు మాటలు పక్కన పెట్టి చూడండి.

రిపెల్: తిప్పికొట్టు.
ఎక్స్‌పెల్: వెళ్లగొట్టు.
డిస్పెల్: చెదరగొట్టు.

లాటిన్‌వాళ్లు ఉపసర్గ ముందు పెట్టి చేసిన పనిని మనం ముందు ఇంకో క్రియ పెట్టి చేశాం. వెనక ఉన్న 'కొట్టు' మారదు, ముందున్న మాట దిక్కు చెబుతుంది. ఎవరూ ఎవర్నీ చూసి రాయలేదు. పశువుల్ని కర్రతో అదిలించే జనాలు ఎక్కడున్నా ఇట్లాగే ఆలోచిస్తారేమో.

కపిలతీర్థం_నీడ
బాగుంది. 'పారదోలు' కూడా అదే అచ్చు: పాఱ + తోలు. పారేట్టుగా, అంటే పరుగెత్తేట్టుగా తోలడం. సంధిలో తకారం దకారమైంది. కాబట్టి పారదోలడంలో పరుగు ఉంది, రిపెల్‌లో పరుగు లేదు. లేబుల్‌కు అది పనికిరాదు.

బైరాగిపట్టెడ_అనువాదం
నామవాచకాల్లో 'పల్స్' ఎందుకు వస్తుంది? రిపెల్‌కు రిపల్షన్, ఎక్స్‌పెల్‌కు ఎక్స్‌పల్షన్.

లాటిన్_పిచ్చి
పెల్లెరెకు భూతకాల రూపం 'పుల్సుస్'. నామవాచకాలు దాని మీదినుంచి వచ్చాయి: ప్రొపల్షన్, కంపల్షన్, ఇంపల్స్. డాక్టరు మణికట్టు పట్టి చూసే పల్స్ కూడా అదే, కొట్టుకునేది కాబట్టి. మనమూ నాడి 'కొట్టుకుంటోంది' అనే కదా అంటాం. డిస్పెల్‌కు మాత్రం వాడుకలో నామవాచకం లేదు. వాక్యం తిప్పి రాసుకోవాల్సిందే.

పలమనేరు_ఇంగ్లీషు
డిస్పెల్ మాట వచ్చింది కాబట్టి పరీక్ష పేపర్లలో తరచూ కనబడే తప్పు ఒకటి చెప్తాను. "ద పోలీస్ డిస్పెల్డ్ ద క్రౌడ్" అని రాస్తారు. తెలుగులో రెండు చోట్లా 'చెదరగొట్టు' ఉండటం వల్ల పడే గుంట ఇది. గుంపుకు 'డిస్పర్స్' వాడాలి. ఇప్పటి ఇంగ్లీషులో డిస్పెల్ చేసేది అనుమానాన్ని, భయాన్ని, పుకారును, అపోహను. దిగులుకూ మంచుతెరకూ కూడా వాడతారు. చేతితో పట్టుకోగలిగినదానికి వాడరు. దానికి సరైన తెలుగు 'పటాపంచలు చేయు'. "ఆయన మాటతో అనుమానాలు పటాపంచలయ్యాయి" అన్న వాక్యం డిస్పెల్‌కు అచ్చంగా సరిపోతుంది.

ఎక్స్‌పెల్ మనుషులకు వాడితే ఒక సంస్థ ఉండాలి: పార్టీ, బడి, దేశం. వెనక 'ఫ్రమ్' వస్తుంది. ఊపిరికీ గాలికీ కూడా వాడతారు. అద్దె ఇంట్లోంచి పంపేస్తే ఎక్స్‌పెల్ కాదు, 'ఎవిక్ట్'. తెలుగులో 'ఖాళీ చేయించు' అంటాం, అదే సరి.

యూనివర్సిటీ_రోడ్డు
కాలేజీల్లో 'రస్టికేట్' అంటారే, అది ఎక్స్‌పెల్‌తో సమానమా?

లాటిన్_పిచ్చి
సమానం కాదు. ఎక్స్‌పెల్ అయితే పేరు కొట్టేసినట్టు. రస్టికేట్ అసలు అర్థంలో కొంతకాలం దూరం పెట్టడం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల నుంచి మన విశ్వవిద్యాలయాల నిబంధనల్లోకి వచ్చిన మాట. మన దగ్గర వాడుకలో రెండూ కలిసిపోయాయి కాబట్టి అనువదించేటప్పుడు ఎన్ని సంవత్సరాలకో కాలం ఇచ్చారా అని చూడండి. కాలం ఉంటే 'ఇన్నేళ్లు బహిష్కరణ', లేకుంటే 'శాశ్వత తొలగింపు'. లాటిన్‌లో 'రూస్' అంటే పల్లె. రస్టికేట్ అంటే పల్లెకు పంపేయడం.

తోతాపురి_తోట
అంటే మా భాషలో 'ఊరికి తోలేయడం'! ఈ పక్క తోలడం అంటే తరమడం ఒకటే కాదు సామీ. బండి తోల్తారు, ఎద్దుల్ని తోల్తారు, బిడ్డను అత్తగారింటికి తోల్తారు, చెరుకు లోడు ఫ్యాక్టరీకి తోల్తారు. ఒకే మాట. ఇంగ్లీషులో ఎట్ల ఉండాది?

లాటిన్_పిచ్చి
అక్కడా అంతే అన్నా. 'డ్రైవ్' లాటిన్ కాదు, పాత ఇంగ్లీషు 'డ్రీఫన్'. పశువుల్ని తోలడం, వేటలో తరమడం దాని పాత అర్థాలు. కారుకు తర్వాత అంటుకుంది. తోలుకుపోయే మందను 'డ్రోవ్' అంటారు. గాలి తోలితే కొట్టుకుపోయేది 'డ్రిఫ్ట్'. రెండూ ఆ ఇంట్లోవే. బండి తోలడానికీ మంద తోలడానికీ మనకు ఒక్క మాటే ఉన్నట్టు వాళ్లకూ ఒక్కటే.

దీంతో ఒక చిక్కు ఉంది. "హి డ్రోవ్ అవే" అంటే కారెక్కి వెళ్లిపోయాడు. "హి డ్రోవ్ దెమ్ అవే" అంటే వాళ్లను తరిమేశాడు. మధ్యలో కర్మ ఉందా లేదా అన్నదాన్ని బట్టి అర్థం తిరగబడుతుంది.

పలమనేరు_ఇంగ్లీషు
సర్వనామమైతే మధ్యలోనే రావాలి. "డ్రోవ్ అవే దెమ్" తప్పు. "డ్రోవ్ అవే ద మంకీస్", "డ్రోవ్ ద మంకీస్ అవే" రెండూ ఒప్పే. రిపెల్‌కు మాత్రం 'అవే' తగిలించొద్దు. 'రె'లోనే వెనక్కి అని ఉంది. "రిపెల్ మస్కిటోస్" చాలు.

ఏనుగుల వార్తల్లో 'ఎలిఫెంట్ డ్రైవ్' అని వస్తుంది. పలమనేరు, కుప్పం పక్క కౌండిన్య అభయారణ్యం అంచున పంటలో దిగిన గుంపును తిరిగి అడవి వైపు మళ్లించడం. దాన్ని 'ఏనుగుల తరిమివేత' అని రాస్తే పరుగు, బెదురు, తొక్కిసలాట అన్నీ ధ్వనిస్తాయి. చేయకూడనిది అదే. 'అడవిలోకి మళ్లింపు' సరైన మాట. కందకం, సోలార్ కంచె, మిరప పొగ వీటిని ఇంగ్లీషులో 'డిటరెంట్' అంటారు. డిటర్ వేరే ఇంటిది: 'టెర్రెరె' అంటే భయపెట్టు, టెర్రర్ అక్కడిదే. అడుగు వేయకముందే మనసు మార్చుకునేట్టు చేయడం డిటర్. అడుగు వేసి వస్తున్నదాన్ని వెనక్కి కొట్టడం రిపెల్.

కపిలతీర్థం_నీడ
ఒక పక్కమాట, నిర్వాహకులు క్షమించాలి. ఏనుగుల్ని మళ్లించడానికి 2025లో కర్ణాటక నుంచి వచ్చినవి 'కుంకీ' ఏనుగులు, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగులు. పారసీకంలో 'కుమక్' అంటే సాయం. మనం 'కుమ్మక్కయ్యారు' అంటామే, అదీ ఆ మాటే. పాత తెలుగులో కుమ్మక్కు అంటే సాయపు దండు. ఇప్పుడు చెడ్డ పేరు తెచ్చుకుంది. కుంకీ ఏనుగు అంటే కుమ్మక్కు ఏనుగన్నమాట. ఇంకోటి: సంస్కృతంలో 'వారణం' అంటే అడ్డుకోవడం, 'వారణం' అంటే ఏనుగు కూడా. పలమనేరులో జరిగేది వారణ నివారణ.

తోతాపురి_తోట
😄😄

ఫిజిక్స్_భవానీపురం
లైక్ చార్జెస్ రిపెల్ ఈచ్ అదర్ (ఒకే రకం విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి) అన్నచోట పాఠ్యపుస్తకం 'వికర్షించుకుంటాయి' అంటుంది. లేబుల్ మీద 'దోమ వికర్షకం' అంటే శాస్త్రీయంగా ఉండదా?

కపిలతీర్థం_నీడ
భౌతికశాస్త్రంలో అది స్థిరపడింది, కదపకండి. కానీ మాట లోపల చూస్తే నవ్వొస్తుంది. కృష్ ధాతువుకు అర్థం లాగడం. ఆకర్షణ అంటే తనవైపు లాగడం. ఇంగ్లీషు 'అట్రాక్ట్' కూడా లాటిన్‌లో అచ్చంగా అదే, తనవైపు లాగు. అక్కడ జోడీ కుదిరింది. వికర్షణ అంటే విడిపోయేట్టు లాగడం. నెట్టడం గురించిన మాటను లాగడంతో చెప్పినట్టయింది. నాగలి లాగేది కృషి, లాగేవాడు కర్షకుడు. వేప మందు కరపత్రంలో 'కర్షకులకు వికర్షకం' అని పడితే ఎట్లా ఉంటుందో చూసుకోండి.

వ్యవసాయ శాఖ రాతల్లో వికర్షకం వాడుకలో ఉంది, అర్థం కూడా అవుతుంది. అంగట్లో అడిగి కొనే వస్తువు మీద మాత్రం వద్దంటాను.

తోతాపురి_తోట
వేప మందు నేను చెప్తా. ఆ కరపత్రంలో మాట తప్పితే రైతు తప్పు పని చేస్తాడు.

వేప చేసేది ప్రధానంగా తిననివ్వకపోవడం. ఇంగ్లీషులో 'యాంటీఫీడెంట్' అంటారు. దాంట్లో అజాడిరక్టిన్ అనే పదార్థం ఉండాది, పని చేసేది అదే. పురుగు ఆకు మీదికి వచ్చినా నోరు పెట్టదు, పెట్టినా సరిగా ఎదగదు. కొట్టిన మరుసటి పొద్దున చచ్చిన పురుగులు కింద రాలి కనబడవు. 'పురుగుల్ని చంపును' అని రాస్తే రెండో రోజే మందు పనిచేయలేదని ఇంకో డబ్బా తెచ్చి కొడతారు.

5 శాతం కషాయం 100 లీటర్లకు: ఎండిన వేప గింజల పప్పు 5 కిలోలు దంచి గుడ్డలో మూట కట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాల. పొద్దున మూటను అదే నీళ్లలో బాగా పిసికి, రసం పల్చటి గుడ్డలో వడగట్టి, 100 లీటర్లు చేయాల. 100 నుంచి 200 గ్రాముల సబ్బు పొడి విడిగా కరిగించి కలపాల. వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోతాది. సబ్బు లేకుంటే నున్నటి ఆకు మీద చుక్కలు జారిపోతాయి, మామిడి ఆకు మరీనూ. సాయంత్రం ఎండ తగ్గినాక కొట్టాల, ఎండకు అజాడిరక్టిన్ త్వరగా చెడిపోతాది. కలిపింది ఆ రోజే వాడేయాల. రెండేళ్ల నాటి పాత గింజలతో చేసి వేప పనికిరాదనేవాళ్లు ఎక్కువ.

అంగట్లో దొరికే వేపనూనె అయితే డబ్బా మీద పీపీఎం చూడండి, అంటే పది లక్షల పాళ్లలో అజాడిరక్టిన్ ఎన్ని పాళ్లు ఉండాదో. 1500 పీపీఎం అయితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు. 10,000 పీపీఎం అయితే అంత పోయొద్దు, లేత ఆకు మాడుతుంది.

ఇంకొక సంగతి. మామిడిలో పండు ఈగకు కట్టే డబ్బాలో మిథైల్ యూజినాల్ ఉండాది. దాన్ని కూడా ఒక కరపత్రంలో 'ఈగల్ని తరిమే ఎర' అని అచ్చేసినారు. అది పిలిచేది సామీ, తరిమేది కాదు! మగ ఈగల్ని దగ్గరికి లాగి డబ్బాలో చంపుతాది. ఇంటి పక్కన కట్టుకుంటే ఈగలు పోతాయనుకునేవాళ్లు ఉంటారు.

బైరాగిపట్టెడ_అనువాదం
ఇది చాలా ఉపయోగపడింది అన్నా. కరపత్రంలో 'పురుగు ఆకును తిననివ్వదు' అని రాస్తాను. క్రీమ్ సంగతి కూడా ఎవరైనా ఇంత వివరంగా చెబితే బాగుంటుంది.

మందులషాపు_గాంధీరోడ్డు
దోమలకు వాడే మూడు రకాల సరుకులనూ రిపెల్లెంట్ అనేస్తుంటారు, మూడూ ఒకే పని చేయవు.

ఒంటికి రాసే క్రీమ్: డీట్ లేదా దాని చుట్టంలాంటి రసాయనం. డీట్‌ను అమెరికా సైన్యం 1946లో తెచ్చింది, 1957 నుంచి మామూలు జనానికి దొరికింది. దోమను చంపదు. మన వాసన పట్టుకుని వాలే పనిని చెడగొడుతుంది. డబ్బా మీది శాతం ఎక్కువైతే మందు ఎక్కువసేపు ఉంటుంది, దోమ ఎక్కువ దూరం పోదు. 'అధిక శక్తి' అని అనువదించొద్దు, 'ఎక్కువ గంటలు' అనాలి. 50 శాతం దాటాక ఆ గంటలు కూడా పెద్దగా పెరగవు. సన్‌స్క్రీన్ కూడా రాసుకునేవాళ్లు ముందు అది రాసి, ఆరాక దాని మీద ఈ క్రీమ్ రాయాలి. బట్ట కప్పిన చోట అక్కర్లేదు. పిల్లల అరచేతులకు రాయకూడదు, నోట్లో పెట్టుకుంటారు.

కాయిల్, గోడకు పెట్టే ద్రవం: వీటిలో ఉండేవి పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు. ఇవి గదిలోకి రానివ్వకపోవడంతోపాటు వచ్చినదాన్ని పడేస్తాయి, చంపుతాయి కూడా. ఇక్కడ రిపెల్లెంట్ మాట సగం నిజమే.

దోమతెర రిపెల్లెంట్ కాదు, అడ్డు. మందు పూసిన దోమతెర అయితే రెండూ.

ఫిజిక్స్_భవానీపురం
మరి 'దోమల నివారణ క్రీమ్'? అందరికీ తెలిసిన మాట కదా.

కపిలతీర్థం_నీడ
'నివారణ' పుట్టుక ప్రకారం బంగారం లాంటి మాట. నివారించడం అంటే రాకుండా అడ్డుకోవడమే, రిపెల్‌కు అంతకంటే దగ్గర మాట దొరకదు. కానీ వాడుకలో అరిగిపోయింది. మున్సిపాలిటీ బండి పొగ కొట్టినా దోమల నివారణే, కాలవలో నూనె చల్లినా దోమల నివారణే. విన్నవాడికి నిర్మూలన అని తడుతుంది. చోటు చాలని లేబుల్ అయితే పెట్టొచ్చు, కింద చిన్న అక్షరాల్లో ఏం చేస్తుందో రాయాలి.

పలమనేరు_ఇంగ్లీషు
గొడుగు గుడ్డ మిగిలిపోయింది. 'వాటర్ రిపెల్లెంట్', 'వాటర్ ప్రూఫ్' ఒకటి కావు. రిపెల్లెంట్ గుడ్డ మీద చుక్క పోస్తే ముత్యంలా గుండ్రంగా నిలబడి, వంచితే జారిపోతుంది, తామరాకు మీద నీటిబొట్టే. ఆ చుక్కను వేలితో నొక్కి రుద్దండి, లోపలికి దిగుతుంది. ప్రూఫ్ గుడ్డలో నొక్కినా దిగదు. తెలుగులో మొదటిది 'నీళ్లు అంటని', రెండోది 'నీళ్లు దూరని'. రెండింటికీ 'తడవని' అని పెడితే కుండపోత వానలో తేలిపోతుంది.

స్పెల్లింగు కూడా చూసుకోండి. రిపెల్‌లో చివర ఒక ఎల్. రిపెల్డ్, రిపెల్లింగ్, రిపెల్లెంట్‌లో రెండు, చివరి అక్షరం మీద ఊనిక పడుతుంది కాబట్టి. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఇంతే. రిపెల్లెంట్ చివర ఈ-ఎన్-టీ రాయండి. ఏ-ఎన్-టీ కూడా నిఘంటువుల్లో ఉంది గానీ తక్కువ.

యూనివర్సిటీ_రోడ్డు
"ద యాక్ట్ వాజ్ రిపెల్డ్" అని ఒక నోటులో చూశాను. చట్టాన్ని తిప్పికొట్టారా?

లాటిన్_పిచ్చి
రద్దు చేశారు. అది 'రిపీల్', ఫ్రెంచి 'రప్పెలే' నుంచి, వెనక్కి పిలవడం. కొండ మీంచి తాడు పట్టుకుని దిగే 'రప్పెల్' కూడా ఆ ఫ్రెంచి మాటే. చెవికి ఒకటే అనిపిస్తాయి, అందుకే ఈ తప్పు.

మనిషికి వాడినప్పుడు కూడా జాగ్రత్త. "ఐ వాజ్ రిపెల్డ్ బై హిజ్ వర్డ్స్" అంటే ఎవరూ ఎవర్నీ నెట్టలేదు, వినగానే ఏవగింపు కలిగింది. అక్కడ తిప్పికొట్టు, వికర్షించు ఏదీ పెట్టొద్దు.

బైరాగిపట్టెడ_అనువాదం
ఇట్లా పెట్టాను, చూడండి.
క్రీమ్: 'దోమలు వాలనివ్వని క్రీమ్. రాసిన చోట మాత్రమే పనిచేస్తుంది. దోమలను చంపదు.'
వేప మందు: 'పురుగులు ఆకును తినకుండా చేస్తుంది.'
గుడ్డ: 'నీళ్లు అంటని గుడ్డ. పెద్ద వానకు కాదు.'

మందులషాపు_గాంధీరోడ్డు
క్రీమ్‌కు ఎన్ని గంటలో కూడా వేయండి మేడం. అడిగేది అదే.

తోతాపురి_తోట
వేప దాంట్లో 'సాయంత్రం కొట్టాలి' అని చేర్చండమ్మా, ఒక్క లైనే కదా.